గుజ్జనగూళ్ల బడి

చిన్నపిల్లల తరగతిలో ఉత్తుత్తి వంటిల్లూ, దుకాణమూ అమర్చి ఆటతో చదువు చెప్పడం ఇక్కడ డబ్లిన్‌లో చూసి మనం ముచ్చటపడుతుంటాం. ఇది మనకు కొత్తేమీ కాదు. మన అమ్మమ్మలు లక్కపిడతల్లో గుజ్జనగూళ్లు వండి, బొమ్మల పెళ్ళిళ్లు చేసి మాటా మన్ననా నేర్చుకున్నవారే.

పిల్లల చేతికి వస్తువులిచ్చి నేర్పాలన్న మరియా మాంటిస్సోరి 1939లో మదరాసు వచ్చారు. ఆ మరుసటి ఏడు, 1940లో, అదే ఊళ్లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలైన ఆ ఇద్దరూ పిల్లలచేతనే నాటికలు ఆడించారు. సంఘం తరువాత హైదరాబాదు చేరింది.

ఇక్కడ మన పిల్లల ఆట ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతుంది. ఆటలో లేని భాష నోట నిలవదు. ఇంట ఒక మూల లక్కపిడతలూ, చిన్న త్రాసూ ఉంచుదాం. "వంకాయలు ఎంతండీ?" అని మనమే ముందు బేరమాడదాం.