రేగడి నేలలో బాస్కెట్‌బాల్

ఫిరంగిపురంలో క్యాథలిక్కులు, గుంటూరులో లూథరన్లు, ఒంగోలులో బాప్టిస్టులు. పత్తి, మిరప పండే మా మైదానంలో ఇంగ్లీషు చదువు ఎక్కడెక్కడ మొలిచిందో చెప్పమంటే ఈ మూడు పేర్లూ వరసగా వస్తాయి. హేయర్ అనే లూథరన్ ఫాదిరి గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. ఏసీ కాలేజీగా మనం పిలుచుకునే ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ తన పుట్టుకను 1885 నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఒంగోలుకు క్లౌ దొర 1866లో వచ్చాడు.

ఈ మూడు శాఖలూ ఇంకోచోట కలిసి కనిపించేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. కెనడాలో విశ్వవిద్యాలయాల క్రీడాసంఘం 1961లో కొత్తగా నిలదొక్కుకుని, 1963లో పురుషుల బాస్కెట్‌బాల్‌కు తొలి జాతీయ ఛాంపియన్‌షిప్ జరిపింది. గెలిచింది విండ్సర్ పట్టణంలోని అసంప్షన్ విశ్వవిద్యాలయం. దాన్ని నడిపింది క్యాథలిక్ ఫాదర్లు. 1965లో కప్పు అకాడియాకు వెళ్లింది. నోవాస్కోషియాలో బాప్టిస్టులు 1838లో పెట్టిన విద్యాలయం అది. 1968లో విజేత వాటర్లూ లూథరన్. మొదటి ఆరు సీజన్లలోనే క్యాథలిక్కులు, బాప్టిస్టులు, లూథరన్లు పెట్టిన చదువుల బడులు మూడూ గెలిచాయి. కాకతాళీయమే అయినా ఊరికే కలిసిన పేర్లు కావు ఇవి. ఆ ఆటకూ మిషన్లకూ పుట్టుకలోనే సంబంధం ఉంది.

బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నెయిస్మిత్ కెనడావాడు. 1861లో ఒంటారియోలోని ఆల్మాంట్‌లో పుట్టి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో బీఏ చదివి, ఆ తర్వాత ఆ ఊళ్లోనే మతశాస్త్రం చదివాడు. ఫాదిరి కావలసినవాడు వ్యాయామం నేర్పేవాడయ్యాడు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో వైఎంసీఏ శిక్షణాలయంలో పనిచేస్తూ, చలికాలంలో నాలుగు గోడల మధ్య కుర్రాళ్లు ఆడుకోవడానికి ఒక ఆట కావలసివచ్చి, 1891 డిసెంబరులో పదమూడు సూత్రాలు రాశాడు. పీచ్ పళ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టించాడు. పద్దెనిమిది మంది విద్యార్థులు తొమ్మిదేసి మందిగా విడిపోయి ఆడారు. మొత్తం ఆటలో ఒక్కటంటే ఒక్క గోలు పడింది.

ఆ రోజు ఒక జట్టుకు కెప్టెన్ డంకన్ పాటన్. అతనూ కెనడావాడే. 1894లో ఈ ఆటను భారతదేశానికి తెచ్చింది అతనే. అంటే ఆట పుట్టిన మూడేళ్లకే, మొదటి ఆట ఆడిన మనిషి చేతులమీదుగానే మన దేశానికి వచ్చింది. క్రికెట్టుకు గానీ హాకీకి గానీ ఇంత దగ్గరి బంధుత్వం లేదు.

మన వైపు కెనడా మనుషుల రాకపోకలు అంతకంటే పాతవి. జాన్ మెక్‌లారిన్ 1870లో రామాయపట్నం వచ్చి, క్లౌ స్వదేశం వెళ్లినప్పుడు ఒంగోలు మిషన్ చూసుకుని, 1874లో కాకినాడకు మారి అక్కడ కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు పునాది వేశాడు. కాకినాడ మెక్‌లారిన్ హైస్కూలు ఆయన పేరు మీదిదే. రామాయపట్నంలోనే పనిచేసిన టింపనీ కూడా కెనడావాడే. అకాడియాలో చదువుకుని శ్రీకాకుళం, బొబ్బిలి, భీమిలి వైపు వచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లంతా బాస్కెట్‌బాల్ పుట్టకముందే వచ్చినవాళ్లు కనుక ఆటను తెచ్చిన ఘనత వీళ్లకు కట్టబెట్టకూడదు. వీళ్లు వేసింది దారి. బడి, హాస్టలు, బడి పక్కన చదును చేసిన ఖాళీ జాగా. ఆట ఆ దారిలోనే తర్వాత వచ్చింది.

ఆటను ఆ ఖాళీ జాగాల దాకా చేర్చింది మద్రాసు. 1920లో హ్యారీ బక్ అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. తర్వాత అది సైదాపేటలో స్థిరపడింది. అప్పుడు గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది, ఒంగోలు గుంటూరు జిల్లాలోది. సైదాపేటలో తరిఫీదైన డ్రిల్లు మాస్టార్లు రాష్ట్రమంతటా హైస్కూళ్లకు వెళ్లారు. ఈల, పంపు, కొలతల టేపు, సున్నంతో గీసిన గీతలు, ఆటకో రూలు పుస్తకం. ఊరి ఆటకూ బడి ఆటకూ తేడా తెచ్చింది వాళ్లే. మద్రాసు విద్యాశాఖ పెద్దగా చేసిన గ్రిగ్ పేరు మీద బడుల మధ్య పోటీలు జరిగేవి. మా జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వాటిని ‘గ్రిగ్స్’ అనే అంటారు. గ్రిగ్స్‌లో ఆడానంటే ఊళ్లో ఆ కుర్రాడి విలువే వేరు.

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంగతి నా దృష్టిలో వేరే ఉంది. ఒంగోలులో క్లౌ పెట్టిన ఇంగ్లీషు బడికి మొదట పైకులాల పిల్లలు వచ్చేవారు. యర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగలు మిషన్లో చేరడంతో ఆ పైకులాల పిల్లలు బడి మానేశారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఆ వెంటనే, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ల పిల్లలూ మనవలూ చదువుకున్న బడులు ఇవి. 1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువా బడిలో అంటరానితనం అనుభవించి పెరిగి, గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పారు.

ఇప్పుడు నెయిస్మిత్ రాసిన సూత్రం ఒకటి గుర్తుచేసుకోండి. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. పట్టినచోటి నుంచే ఇంకొకడికి అందించాలి. అంటే ఈ ఆటలో ఒంటరిగా గెలవడం కుదరదు, పక్కవాడి చెయ్యి తగిలిన బంతిని తాకకుండా ఆడడమూ కుదరదు. ఒకరు తాకిన నీళ్లు మరొకరు ముట్టని కాలంలో, ఒకే బంతి అయిదుగురి చేతుల్లో తిరగడం చిన్న విషయం కాదు. కోర్టులో తగిలిన చెయ్యి కోర్టు బయట ఎంతవరకు నిలిచిందని ఎవరైనా అడగవచ్చు. నిలవని చోట్లే ఎక్కువ. అయినా ఒక గంటసేపు ఆ కంచె ఎత్తేసిన చోటు మా మైదానంలో అదొకటి ఉండిందని నేను గట్టిగా నమ్ముతాను.

మరి ఇంత మంచి ఆట ఊళ్లలోకి ఎందుకు పాకలేదు? వాలీబాల్ పాకింది. ఇవాళ పల్నాడులో ఏ ఊరికి వెళ్లినా రెండు గుంజలూ ఒక వలా కనిపిస్తాయి. కబడ్డీ సరేసరి, బాల్ బ్యాడ్మింటనూ పాకింది. బాస్కెట్‌బాల్ మాత్రం కాలేజీ కాంపౌండు గోడ దాటలేదు. జవాబు మన కాళ్ల కిందే ఉంది. మాది నల్లరేగడి. వాన పడితే ఉబ్బి అరికాళ్లకు అంటుకుంటుంది, ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది. ఈ నేలమీద బంతి లేవదు. వాలీబాల్ గాల్లోనే ఆడేది, దానికి నేల ఎలా ఉన్నా ఫరవాలేదు. బాస్కెట్‌బాల్‌కు డ్రిబ్లింగ్ కావాలి, నేల అద్దంలా ఉండాలి. 28 మీటర్ల పొడవూ 15 మీటర్ల వెడల్పూ ఉన్న జాగాలో రేగడి తవ్వి తీసేసి, గ్రావెల్ తోలించి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పాలి. అలా చెయ్యకుండా సిమెంటు పోస్తే రెండు వానాకాలాలకు పగుళ్లు వస్తాయి. పైగా పదడుగుల ఎత్తున రింగు, బోర్డు, ఊగని స్తంభాలు. పత్తికి పురుగు పట్టిన ఏడు బడి పైకప్పుకే డబ్బు పోగవని ఊళ్లో ఆ ఖర్చు ఎవరు పెడతారు?

కాలం కూడా కలిసిరాలేదు. బయట మంచు కురిసే నెలల్లో లోపల హాల్లో ఆడేందుకు పుట్టిన ఆట ఇది. కెనడావాళ్ల సీజను ఇప్పటికీ చలికాలమే. మాకు హాలు లేదు, ఆకాశమే కప్పు. అక్టోబరు, నవంబరు తుపాన్లు పోయాక నేల ఆరేసరికి పత్తితీతలు మొదలవుతాయి, సంక్రాంతి దాటితే మిరపకోతలు. రైతుబిడ్డకు ఇంటి దగ్గర పని ఉన్న రోజులూ, ఆటకు అనువైన రోజులూ ఒకటే. ఆపైన పరీక్షలు. మా వైపు కాలేజీ సీజను ఎప్పుడూ ఈ ఇరుకులోనే నడిచింది.

కాలేజీలు పెరిగింది స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లోనూ, ఆ తర్వాతా. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చాయి. 1950ల మొదట్లో నరసరావుపేట, చీరాల, తెనాలి పట్టణాలకు డిగ్రీ చదువు అందింది. 1968లో గుంటూరులో జేకేసీ కాలేజీ వచ్చింది. పొగాకు, పత్తి డబ్బు, రైతుల చందాలు ఇందులో చాలా ఉన్నాయి. కానీ విశ్వవిద్యాలయం జట్టులో ఆడాలంటే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు. అది ఉన్న వాల్తేరులో సెలెక్షన్ అంటే గుంటూరు కుర్రాడు రైలెక్కాల్సిందే, ఒంగోలు కుర్రాడు ఇంకా ముందు ఎక్కాలి. 1967లో నల్లపాడులో పీజీ కేంద్రం పెట్టారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశం అయింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చాకే ఈ నేలకు తన పేరున ఒక విశ్వవిద్యాలయం జట్టు దక్కింది.

కెనడావాళ్లు 1963 నుంచి ప్రతి ఏటి విజేతనూ రాసిపెట్టుకున్నారు. అందుకే అరవై ఏళ్ల తర్వాత గుంటూరులో కూర్చుని నేను అసంప్షన్ గురించి చెప్పగలుగుతున్నాను. మన సీజన్లు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. జట్టు గ్రూపు ఫొటో, ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన సర్టిఫికెట్టు, ముద్ర చెరిగిపోయిన మెడల్, కాలేజీ మేగజైనులో పావు పేజీ. మీ నాన్నగారో తాతగారో ఏసీలోనో, హిందూ కాలేజీలోనో, చీరాలలోనో, ఒంగోలులోనో ఏ ఆట ఆడి ఉన్నా ఆ కాగితాలు పాతసామానుకు వెయ్యకండి. ఫొటో వెనక పేర్లూ సంవత్సరమూ రాయించి, ఒక ప్రతి ఆ కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి. పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చోండి.