మూల ధ్రువీకరణ (స్వేచ్ఛా వాణిజ్యం)
సరుకు ఏ దేశానిదో కస్టమ్స్ అధికారులకు రుజువు చేసి, ఒప్పందం ప్రకారం సుంకం రాయితీ పొందే విధానం. రాయచూరు జిల్లా సిరవార ప్రాంతంలో తుంగభద్ర ఎడమ కాలువ కింద పండిన వడ్లకు ఇది తేలిక: ఇక్కడే నాటి ఇక్కడే కోశారు కనుక అది పూర్తిగా స్వదేశీ సరుకే. పత్తి నూలై, గుడ్డై, దిగుమతి చేసుకున్న గుండీలతో చొక్కాగా మారితేనే చిక్కు. అప్పుడు ఒప్పందాన్ని బట్టి టారిఫ్ శీర్షిక మారిందా, దేశీయ విలువ ఎంత అని లెక్కగట్టాలి. ఎగుమతిదారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆన్‌లైన్ వేదికలో దరఖాస్తు చేస్తే అధీకృత సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. 2022 మే 1న అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందానికీ ఈ పత్రమే ఆధారం. భారత్‌లోకి వచ్చే సరుకుకు మాత్రం పత్రం ఒక్కటే చాలదు. మూడో దేశపు సరుకు దొడ్డిదారిన రాకుండా 2020లో కస్టమ్స్ చట్టంలో 28డీఏ సెక్షన్ చేర్చారు. ఇది అవసరమైన కట్టడి. ఆ ఏడాది సెప్టెంబరు 21 నుంచి అమలైన నిబంధనల ప్రకారం దిగుమతిదారు ఆధారాలను కనీసం ఐదేళ్లు భద్రపరచాలి, అడిగిన 10 పనిదినాల్లో చూపాలి.