ఫిల్ము పెట్టె నుంచి 4కె దాకా: పాత తెలుగు సినిమా బొమ్మ చరిత్ర

ఒంగోలు ప్రేక్షకుడికి పాత తెలుగు సినిమా తరచూ కొంత అరిగిన బొమ్మగానే చేరింది. సినిమా పంపిణీ లెక్కల్లో ఒంగోలు గుంటూరు ఏరియాలోది. ప్రింట్లు తక్కువగా తీసే రోజుల్లో ఒకే ప్రింటు ముందు పెద్ద కేంద్రాల్లో ఆడి, తర్వాత చిన్న పట్టణాలకూ, చివరికి పల్లెల టూరింగ్ టాకీసులకూ దిగేది. ప్రొజెక్టరులో తిరిగిన కొద్దీ ఫిల్ము మీద నిలువు గీతలు పడేవి. తెగిన చోట ఆపరేటరు నాలుగైదు ఫ్రేములు కత్తిరించి, అంచులు గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి అతికించేవాడు. అలా పోయిన ఫ్రేములు ఆ ప్రింటులోకి మళ్లీ రావు.

బొమ్మలోని వివరమంతా మొదట నెగెటివ్‌లో ఉంటుంది. నలుపు తెలుపు ఫిల్ము మీద బొమ్మను నిలిపేది సన్నని వెండి రేణువులు. ఆ రేణువుల అమరిక ఒక ఫ్రేములో ఉన్నట్టు మరో ఫ్రేములో ఉండదు. చీర నేత, రాతి గరుకు, ముఖం మీది ముడత కంటికి ఆనేది సెకనుకు 24 ఫ్రేముల్లో మారుతూ పోయే ఈ రేణువుల వల్లే. నెగెటివ్ నుంచి తీసిన ప్రింటులో కొంత పదును తగ్గుతుంది. ప్రింటు నుంచి మరో నకలు తీస్తే ఇంకొంత తగ్గుతుంది. మన దేశంలో చాలాకాలం ప్రింట్లను నేరుగా అసలు నెగెటివ్ నుంచే తీసేవారు. దానివల్ల ఎక్కువ ఆడిన సినిమా నెగెటివే ఎక్కువగా అరిగిపోయింది. జనం నెత్తిన పెట్టుకున్న సినిమాకే ఎక్కువ నష్టం జరగడం తెలుగు సినిమా చరిత్రలో నిజంగా బాధ కలిగించే విషయం.

టీవీ, వీడియో వచ్చాక బొమ్మ మరింత చిక్కిపోయింది. వీసీడీలో ఒక ఫ్రేముకు దక్కేది 352 అడ్డం, 288 నిలువు చుక్కలే, అంటే సుమారు లక్ష. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి నటించిన ‘మల్లీశ్వరి’ (1951) సంగతే చూడవచ్చు. అందులో నాయకుడు నాగరాజు శిల్పి. ఉలి దెబ్బకు రాతి మీద మిగిలే గరుకును పట్టాలంటే లక్ష చుక్కలు చాలవు. దూరపు దృశ్యంలో శిల్పమైనా చీర అంచైనా నాలుగైదు బూడిదరంగు గళ్లుగా మారిపోతుంది. డిజిటల్ సినిమా తెరకు వాడే 4కె ఫ్రేములో 4096 అడ్డం, 2160 నిలువు చుక్కలుంటాయి. వీసీడీ బొమ్మను అంతకు సాగదీస్తే సుమారు ప్రతి 87 చుక్కల్లో ఒక్కటే అసలుది, మిగిలిన 86 ఊహించి నింపినవి.

నింపే పద్ధతులు చాలాకాలం సాదాసీదా లెక్కలే. పక్కపక్క చుక్కల సగటు తీసి మధ్యలో పెట్టేవారు. బొమ్మ పెద్దదయ్యేది, అంచులు మసకబారేవి. 2014లో వచ్చిన ఎస్ఆర్‌సీఎన్ఎన్, 2018లో వచ్చిన ఈఎస్ఆర్‌గాన్ అనే కంప్యూటరు నెట్‌వర్కులు ఆ తీరును మార్చాయి. ఎన్నో బొమ్మలు చూసి నేర్చుకున్న నెట్‌వర్కు, మసక మచ్చ ఉన్న చోట ఇటుక ఉండొచ్చనో ఆకు ఉండొచ్చనో తేల్చుకుని ఆ గరుకును తనే గీస్తుంది. దీన్ని ముందుగా అందిపుచ్చుకున్న వాళ్లలో వీడియో గేముల అభిమానులు ఉన్నారు. పాత గేములో గోడకు అతికించిన వైపుకు 256 చుక్కలున్న చదరపు టెక్స్‌చర్ బొమ్మను వైపుకు 1024కు పెంచితే 16 చుక్కల్లో 15 కొత్తగా పుట్టాల్సిందే. గోడ, గడ్డి, తుప్పు లాంటివి బాగానే కుదురుతాయి. అక్షరాల దగ్గరే చిక్కు వస్తుంది. 2021 నవంబరు 11న విడుదలైన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: ది ట్రిలజీ’ కొత్త రూపంలో దుకాణాల బోర్డుల మీద మాటలు తప్పుల తడకలుగా మారాయి. ఆ గేము మొత్తం స్థితిపై దాన్ని విడుదల చేసిన రాక్‌స్టార్ సంస్థ క్షమాపణ చెప్పింది. ఇటుకను ఎలా గీసినా ఇటుకే. అక్షరాన్ని ఊహతో గీస్తే మాట మారిపోతుంది. మనిషి ముఖానిదీ అదే ఇబ్బంది. సావిత్రి కనుబొమ కదలికను సగటు కనుబొమతో నింపితే అక్కడ కనిపించేది సావిత్రి కాదు.

పాత సినిమాను కంప్యూటరుతో బాగుచేసే పనికి తెలుగులో మొదటి పెద్ద మెట్టు ‘మాయాబజార్’. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంతో విజయా వారు తీసిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. మూడు గంటల సినిమా అంటే 2,59,200 ఫ్రేములు. గీతలు తుడవాలి, ఊగే బొమ్మను నిలపాలి, నగకూ తలపాగాకూ చెట్టుకూ వేర్వేరుగా రంగు పెట్టాలి. నెగెటివ్ బాగా పాడైన చోట కొన్ని పాటలు, పద్యాలు వదిలేయక తప్పలేదు. నలుపు తెలుపు నెగెటివ్‌లో వెలుగు మోతాదు తప్ప రంగు నమోదు కాదు కాబట్టి, ఆ రంగులన్నీ నేటి కళాకారులు ఎంచినవే. కొత్త తరాన్ని హాలుకు రప్పించిన గొప్పపని అది. అయితే ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో బార్ట్‌లే పుట్టించిన వెన్నెల పూర్తిగా వెలుగునీడల లెక్క మీద నిలబడింది. ఆ వెన్నెల కోసం నలుపు తెలుపు ప్రతినే చూడాలి.

2022 ఆగస్టు 9న ‘పోకిరి’, సెప్టెంబరులో ‘జల్సా’, ఏడాది చివరి రోజున ‘ఖుషి’ 4కె ముద్రతో మళ్లీ హాళ్లకు రావడంతో ఆ మాట పల్లెలకూ చేరింది. ఆ ముద్ర తెర మీది చుక్కల సంఖ్యను చెబుతుందే తప్ప బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. నెగెటివ్‌ను నేరుగా స్కాన్ చేసిన 4కె వేరు, అంతకు తక్కువ చుక్కలున్న 2కె ఫైలునో టీవీ టేపునో పెంచిన 4కె వేరు. రెండో రకంలో రేణువులను మచ్చలని తుడిచేస్తే చర్మపు గరుకూ వాటితోనే పోయి, ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నబడతాయి.

అందుకే సినిమా సంరక్షకుల పని కంప్యూటరు కంటే ముందు ఫిల్ము పెట్టె దగ్గర మొదలవుతుంది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో నిర్వహించిన శిక్షణ శిబిరం ఈ పనికే. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి 2024 సెప్టెంబరులో ఆ సంస్థ, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వంటి చిత్రాలను వరంగల్లు, కాకినాడ సహా అనేక నగరాల్లో ప్రదర్శించాయి. నెగెటివ్, మంచి ప్రింటు రెండూ పోయి వీడియో టేపు మాత్రమే మిగిలిన సినిమాలకు సాఫ్ట్‌వేరు పెంపకమే దారి. అలాంటప్పుడు పెంచిన ప్రతితో పాటు పెంచని ప్రతినీ దాచడం ఆర్కైవుల పద్ధతి.