అణుశక్తికి ఒకే తూకం కావాలి



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను నూజివీడు జమీందారీ గురించి రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను తూనికలు, కొలతల శాఖలో ముప్పయి నాలుగేళ్ళు పనిచేసి 2003లో రిటైరైనవాడిని. నాకు తెలిసిందల్లా తూకం. అందుచేత తూకం గురించే రాస్తున్నాను. అయితే ఇది మామిడికాయల తూకం కాదు. అణుశక్తి విషయంలో ప్రపంచం మన దేశాన్ని తూచిన తూకం.

1974 మే 18వ తేదీ. నూజివీడులో మామిడి సీజను ముమ్మరంగా ఉంది. బంగినపల్లి, రసాల బళ్ళతో వీధులన్నీ నిండిపోయాయి. ఒక కమీషను కొట్టు ముందు నేను కాటా పరీక్షిస్తూ ఉండగా, రాజస్థాన్‌లోని పోఖ్రాన్ దగ్గర మన శాస్త్రజ్ఞులు భూగర్భంలో అణు పరీక్ష జరిపారని రేడియోలో వార్త వచ్చింది. అందరూ పని ఆపి విన్నారు. కాసేపటికి ఆ కొట్టు యజమాని, వయసులో నాకంటే చాలా పెద్దవారు, నా చేతిలోని తూకపు రాళ్ళ పెట్టె చూసి, "ఇనస్పెక్టరుగారూ, మా రాళ్ళు మీరు చూస్తారు, బాగానే ఉంది. మరి మీ రాళ్ళు ఎవరు చూస్తారండీ?" అని అడిగారు.

నా రాళ్ళను గడువు ప్రకారం ప్రయోగశాలకు పంపి అంతకంటే మేలైన రాళ్ళతో సరిచూపించాలనీ, వాటిని ఇంకా పైవాటితో సరిచూస్తారనీ, ఆ వరస ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా పోతుందనీ చెప్పాను. "అట్లాగైతే సరే, వెయ్యండి ముద్ర" అన్నారాయన. ఆ రోజు రేడియోలో విన్న వార్తకు, ఆయన అడిగిన ప్రశ్నకు ఎంత దగ్గర సంబంధం ఉందో నాకు చాలా ఏళ్ళకు గాని బోధపడలేదు.

కథ కొంచెం వెనకనుంచి చెప్పుకోవాలి. 1953 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో ప్రసంగిస్తూ, అణుశక్తిని శాంతియుత ప్రయోజనాలకు మళ్ళించాలన్నాడు. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సుకు మన హోమీ భాభా అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది ఆగస్టు 4న ట్రాంబేలో మన మొదటి రియాక్టరు అప్సర పని ప్రారంభించింది. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది గాని, దాని నియంత్రణ పరికరాలు మనవాళ్ళే తయారు చేసుకున్నారు. ఆ పనికి ముందు నిలిచినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించింది కూడా ఆయనే. హైదరాబాదులో ఎ.ఎస్.రావునగర్ మీదుగా వెళ్ళేవారు ఆ పేరు ఎవరిదో పిల్లలకు చెప్పాలని నా మనవి.

అణుశక్తిపై తనిఖీ చేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1957లో ఏర్పడింది. దాని కార్యాలయం వియన్నాలో ఉంది. 1956లో ఆ సంస్థ నిబంధనలు రాస్తున్నప్పుడే భారతదేశం ఒక అభ్యంతరం లేవదీసింది. సహాయం అడిగిన దేశం తనిఖీ కిందికి వస్తుంది. సహాయం అవసరం లేని దేశం, అంటే అప్పటికే బాంబులున్న దేశం, తనిఖీకి దొరకదు. ఇది న్యాయమా అని భాభా వాదించారు. తనిఖీయే వద్దనలేదు, ఒకరికే వద్దన్నారు. సంతలో చిన్న వర్తకుడి త్రాసుకు ముద్ర వేసి, పెద్ద వర్తకుడి కాటా జోలికి పోని ఇనస్పెక్టరును మనం ఏమంటామో వేరే చెప్పనక్కరలేదు.

1968లో సంతకాలకు పెట్టి 1970లో అమలులోకి తెచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఈ భేదాన్ని కాగితం మీదికి ఎక్కించింది. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన అయిదు దేశాలు అణ్వాయుధ దేశాలు. మిగిలినవారంతా బాంబు జోలికి పోమని మాట ఇచ్చి, తనిఖీకి తలుపులు తీయాలి. అందుకు బదులుగా శాంతియుత అణుశక్తి వారి హక్కని నాలుగవ అధికరణం చెప్పింది. అయిదు పెద్ద దేశాలతో సహా ఒప్పందంలో చేరిన ప్రతి దేశమూ నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో సంప్రదింపులు జరపాలని ఆరవ అధికరణం చెప్పింది. ఒక పక్క తనిఖీలు క్రమం తప్పక జరిగాయి. రెండో పక్క బాంబులు మాత్రం పోలేదు. భారతదేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు.

ఇక్కడ మన వైపు లోపం దాచితే అది చరిత్ర కాదు. 1974 పరీక్షకు వాడిన ప్లుటోనియం, శాంతియుత అవసరాలకని కెనడా సాయంతో కట్టుకున్న రియాక్టరునుంచి వచ్చింది. దానికి భారజలం అమెరికా ఇచ్చింది. మనం ఆ పరీక్షను శాంతియుత విస్ఫోటనం అన్నాం. ఇచ్చినవారు మాట తప్పారన్నారు. కెనడా సహకారం నిలిపివేసింది. అణు సామగ్రి అమ్మే దేశాలు కూడబలుక్కుని ఒక బృందంగా ఏర్పడి, ఎవరికి ఏమి అమ్మవచ్చునో తామే నిర్ణయించసాగాయి. వారి అనుమానానికి కారణం లేదని నేననలేను.

కాని అనుమానం వచ్చింది ఒకచోట, శిక్ష పడింది మరొకచోట. ముంబయికి ఉత్తరాన తారాపూర్ కేంద్రాన్ని 1963 ఒప్పందం ప్రకారం అమెరికా కట్టి ఇచ్చింది. 1969లో విద్యుదుత్పత్తి మొదలైంది. ముప్పయ్యేళ్ళు ఇంధనం ఇస్తామన్నది ఒప్పందం. ఆ కేంద్రం అంతర్జాతీయ తనిఖీలో ఉంది. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన అణు ఇంధన సముదాయంలో తారాపూర్‌కు ఇంధనం తయారుచేసే విభాగం కూడా తనిఖీ కిందే ఉంది. ఆ ఇనస్పెక్టర్ల పని మా శాఖ పనికి మరీ దూరమైనది కాదు. నిల్వల లెక్క చూస్తారు, సీళ్ళు వేస్తారు, వాటికి తోడు కెమెరాలు పెడతారు. అయినా 1978లో అమెరికా తన దేశంలో కొత్త చట్టం చేసుకుని, దాన్ని పాత ఒప్పందానికి వర్తింపజేసింది. 1980 తరువాత ఇంధనం ఆగిపోయింది. 1982లో ఫ్రాన్స్ ఆదుకోబట్టి సరిపోయింది. ముద్ర ఉన్న కాటాను, పక్క కొట్టు మీద కోపంతో స్వాధీనం చేసుకున్నట్టయింది.

మనవాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. రాజస్థాన్‌లో కెనడా వదిలి వెళ్ళిన రెండవ రియాక్టరును తామే పూర్తి చేశారు. భారజలానికి అప్పటి ఖమ్మం జిల్లా మణుగూరులో కర్మాగారం కట్టారు. అది 1991లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1998 మేలో మళ్ళీ పరీక్షలు జరిగాయి, మళ్ళీ ఆంక్షలు వచ్చాయి. చివరకు 2005 జులైలో అమెరికాతో అవగాహన కుదిరింది. పౌర అవసరాల రియాక్టర్లను సైనిక అవసరాలవాటినుంచి వేరుచేసి, 22లో 14ను శాశ్వత తనిఖీకి ఇస్తామని మనం ఒప్పుకున్నాం. పార్లమెంటులో పెద్ద తుఫాను చెలరేగింది. 2008 జులై 22న ప్రభుత్వం 275, 256 ఓట్ల తేడాతో నిలబడింది. ఆగస్టు 1న వియన్నా సంస్థ, సెప్టెంబరు 6న ఆ అమ్మకందారుల బృందం ఆమోదం తెలిపాయి. ఒప్పందంపై సంతకం లేకుండానే మనకు తలుపు తెరుచుకుంది.

ఈ కథలోకి మామిడికాయ కూడా వచ్చిందంటే మన నూజివీడువారు సంతోషిస్తారు. 1989నుంచీ అమెరికా మన మామిడిని రానివ్వలేదు. కారణం టెంకలో దాగే పురుగు. 2006 మార్చి 2న ఢిల్లీలో అణు ఒప్పందంపై మాట ఖాయమైన రోజునే, భారతదేశపు మామిడి తినాలని ఎదురు చూస్తున్నామని అధ్యక్షుడు బుష్ అన్నాడు. మర్నాడు హైదరాబాదులో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 2007 వేసవిలో మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో కోబాల్టు 60 కిరణాలు సోకించిన మామిడి అమెరికా చేరింది. మన ఇళ్ళల్లో క్యాన్సరు రోగికి "కరెంటు పెట్టించారు" అంటామే, అందుకు వాడుతూ వచ్చిన కోబాల్టే ఇది. మన రియాక్టర్లలోనే తయారవుతుంది. కిరణాలు పెట్టెల గుండా పోయి పురుగు సంతానాన్ని ఆపుతాయి. పండులో రేడియోధార్మికత మిగలదు.

ఆ లాసల్‌గావ్‌లో అప్పట్లో అమెరికా ఇనస్పెక్టరు దగ్గరుండి చూస్తేగాని పెట్టె కదిలేది కాదు. అతని ఖర్చులు కూడా మన వైపువారే భరించారు. అయినా దాన్ని అవమానమని ఎవరూ వీధికెక్కలేదు. ఎందుకంటే 400 గ్రేల కనీస మోతాదు నియమం మనకొక్కరికే పెట్టింది కాదు. అట్లా పండు పంపే మరికొన్ని దేశాలకూ అదే లెక్క. నియమం ముందే తెలిసి, అందరికీ ఒకటిగా ఉంటే, తనిఖీ ఎవరికీ బరువు కాదు. ఇది నా సర్వీసులో నేను ప్రతి సంతలోనూ చూసిన సత్యం.

ఇంత చెప్పి, ఇంటిలోని కాటా సంగతి చెప్పకపోతే ఆ పెద్దాయన ప్రశ్నకు నేను జవాబు ఎగ్గొట్టినట్టే. ప్రపంచాన్ని సమాన తూకం అడిగిన మనం, మన ప్రజలకు అదే తూకం వేశామా? అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. తాను ఎవరిని తనిఖీ చేయాలో ఆ వ్యవస్థకే అది లోబడి ఉందనీ, దానికి తగిన స్వతంత్రత లేదనీ కాగ్ 2012లో ఎత్తిచూపింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం దానికి చట్టబద్ధమైన హోదా కల్పించింది. కాగితం మీది హోదా కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర బావినీరు పాడైందని ఫిర్యాదు చేసిన రైతుకు, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం కోసం ఊరు వదలమన్న మత్స్యకారుడికి ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే అసలు పరీక్ష.

వర్ధమాన దేశానికి అణు విద్యుత్తు పొందే హక్కు ఉంది. ఆ హక్కుతోపాటు తలుపు తీసి చూపించే బాధ్యతా ఉంది. చూసేవాడు కూడా తన రాళ్ళను ఎవరికో ఒకరికి చూపించాలి. పెద్ద దేశాలకు ఈ మాట మనం డెబ్బయ్యేళ్ళుగా చెబుతున్నాం. తుమ్మలపల్లె రైతు, కొవ్వాడ మత్స్యకారుడు మనతో అంటున్నదీ ఆ మాటే. ఆ మాట మనం కూడా వినాలని నా మనవి.

ఆ కొట్టు ఇప్పుడు లేదు, ఆ పెద్దాయనా లేరు. వచ్చే సీజనులో మన మనవలు మామిడికాయలు కొనడానికి వెళ్ళినప్పుడు కాటా మీద ముద్ర ఉందో లేదో చూడమని చెప్పండి. ఆ ముద్ర వేసిన చేతిని అడిగే హక్కు కూడా తమకు ఉందని చెప్పండి.

సెలవు.