ఎయిర్‌సాఫ్ట్ ఎంపీ5: కొనుగోలు, మైదాన పరీక్ష, చట్టపరమైన హద్దులు

ఎయిర్‌సాఫ్ట్ అనేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లను గాలి లేదా వాయువు ఒత్తిడితో వదిలే తుపాకీ నకళ్లతో ఆడే క్రీడ. ఈ గుండ్లను బీబీలు అంటారు. ఈ క్రీడలో ఎక్కువగా కనిపించే నకళ్లలో ఎంపీ5 సబ్‌మెషిన్ గన్ నమూనా ఒకటి. పొట్టిగా ఉండటం, భుజానికి తేలికగా అమరటం, ఇరుకైన చోట్ల సులువుగా తిరగటం అందుకు కారణాలు. దుకాణంలో ఇది పెట్టెలో అమ్మే ఆటవస్తువే. పెట్టె బయటకు వచ్చిన మరుక్షణం మాత్రం చూసేవారి కంటికి అది నిజమైన ఆయుధం. అందువల్ల దీని కొనుగోలులో ధర, నాణ్యతలతో పాటు చట్టం, కంటి భద్రత, ఇతరుల ప్రాణభయం కూడా ముడిపడి ఉంటాయి.

అసలు ఆయుధం, దాని నకలు

అసలు ఎంపీ5ను పశ్చిమ జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ కేంద్రంగా ఉన్న హెక్లర్ అండ్ కోచ్ సంస్థ 1960 దశకంలో రూపొందించింది. ఇది 9 మిల్లీమీటర్ల తూటాలను పేలుస్తుంది. 1980 మే 5న లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంపై బ్రిటన్ ప్రత్యేక దళం జరిపిన దాడిని టెలివిజన్‌లో చూసిన ప్రపంచానికి ఈ ఆయుధం చిరపరిచితమైంది. భారత జాతీయ భద్రతా దళం కమాండోల చేతుల్లోనూ ఇది కనిపిస్తుంది.

నకళ్ల కథ జపాన్‌లో మొదలైంది. అక్కడ 1958 నాటి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం వల్ల సామాన్యులకు తుపాకీ దొరకడం దాదాపు అసాధ్యం. దాంతో పేలని నమూనా తుపాకులపై ఆసక్తి పెరిగింది. లోహంతో చేసిన పిస్తోలు నమూనాలకు తెలుపు లేదా పసుపు రంగు వేయాలని, గొట్టం మూసి ఉండాలని 1971లో ప్రభుత్వం నిర్దేశించింది. ఆ తరువాతి దశాబ్దంలో ప్లాస్టిక్ గుండ్లు వదిలే నకళ్లు విస్తరించాయి. టోక్యో మారుయి సంస్థ 1991లో ఫ్రెంచి ఫామాస్ రైఫిల్ నమూనాతో విద్యుత్ మోటారుపై నడిచే నకలును విడుదల చేయడంతో ఈ క్రీడ స్వరూపమే మారింది. అదే దశకంలో ఆ వరుసలో ఎంపీ5 కూడా చేరింది. హెక్లర్ అండ్ కోచ్ వ్యాపార చిహ్నాలతో నకళ్లు తయారు చేసే హక్కు జర్మనీకి చెందిన ఉమారెక్స్ సంస్థకు ఉంది.

లోపలి యంత్రాంగం

కొనేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ శక్తితో నడిచే నకలు కావాలన్నది. ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మొదటిది స్ప్రింగ్ రకం. ప్రతిసారీ చేత్తో లాగి ఒక్కొక్క గుండు వదలాలి. ధర తక్కువ, మరమ్మతులు తక్కువ. అయితే సబ్‌మెషిన్ గన్‌కు సహజమైన వరుస కాల్పులు ఇందులో ఉండవు.

రెండోది విద్యుత్ రకం. ట్రిగ్గర్ నొక్కగానే బ్యాటరీ మోటారును తిప్పుతుంది. మోటారు మూడు పళ్ల చక్రాలను తిప్పుతుంది. చివరి చక్రం పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగ్‌ను బిగిస్తుంది. ఆ చక్రానికి సగం చుట్టే పళ్లుంటాయి. పళ్లు లేని భాగం రాగానే పిస్టన్ ముందుకు దూసుకువచ్చి సిలిండర్‌లోని గాలిని నొక్కుతుంది. ఆ గాలే గుండును తోస్తుంది. వాతావరణం ఎలా ఉన్నా దాదాపు ఒకే వేగం ఇవ్వడం ఈ రకం బలం. కొత్తవారికి దీనినే ఎక్కువగా సూచిస్తారు.

మూడోది గ్యాస్ బ్లోబ్యాక్ రకం. మ్యాగజైన్‌లోనే ద్రవరూప వాయువు నింపుతారు. గుండు వెలువడే ప్రతిసారీ బోల్టు వెనక్కి కదులుతుంది కాబట్టి అసలు ఆయుధపు కుదుపు కొంత అనుభవంలోకి వస్తుంది. కానీ చలిలో వాయువు ఒత్తిడి తగ్గి వేగం పడిపోతుంది, ఎండలో పెరుగుతుంది. మ్యాగజైన్ల ధర, బరువు కూడా ఎక్కువే.

అన్నింటికీ మించి లక్ష్యశుద్ధిని నిర్ణయించేది హాప్-అప్ అనే చిన్న రబ్బరు భాగం. గుండు బయలుదేరే చోట పైనుంచి తగిలి దానికి వెనుకకు తిరిగే భ్రమణం ఇస్తుంది. ఆ భ్రమణం వల్ల గుండు పైకి తేలే బలం పుడుతుంది. భౌతికశాస్త్రంలో దీనిని మాగ్నస్ ప్రభావం అంటారు. 0.2 గ్రాముల తేలికపాటి గుండు సుమారు 40 మీటర్ల వరకు ఆటకు పనికొచ్చేలా సాగడానికి ఇదే కారణం.

కొనేటప్పుడు చూడవలసినవి

ఎంపీ5 నకళ్లలో ఏ4 నమూనాకు స్థిరమైన బట్, ఏ5 నమూనాకు జారే బట్ ఉంటాయి. తేడా కేవలం రూపానిది కాదు. విద్యుత్ రకంలో స్థిరమైన బట్ ఉంటే పెద్ద బ్యాటరీ అందులో ఇముడుతుంది. జారే బట్ ఉన్నదానిలో సాధారణంగా ముందు పిడిలో సన్నని చిన్న బ్యాటరీ అమర్చాలి. ఎక్కువ సేపు ఆడేవారు ఈ విషయాన్ని ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

బ్యాటరీల్లో 8.4 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, 7.4 వోల్టుల లిథియం పాలిమర్ రకం వాడుకలో ఉన్నాయి. రెండోది తేలిక, కానీ అజాగ్రత్తను సహించదు. ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులకు మించి ఛార్జి చేయకూడదు, 3 వోల్టుల కంటే దిగువకు వాడకూడదు. దానికి తగిన ఛార్జర్ లేకుండా బ్యాటరీ మాత్రమే కొనడం నిప్పుతో చెలగాటమే.

మ్యాగజైన్లలో తక్కువ గుండ్లు పట్టేవి స్ప్రింగ్‌తో నిరాటంకంగా అందిస్తాయి. ఎంపీ5కు 200 దాకా పట్టే పెద్ద మ్యాగజైన్లు కూడా ఉన్నా, వాటి అడుగున ఉన్న చక్రాన్ని తరచూ తిప్పాలి. పరిగెత్తేటప్పుడు లోపలి గుండ్లు గలగలమని చప్పుడు చేస్తాయి. కొన్ని మైదానాల్లో వీటిని అనుమతించరు.

దుకాణంలో పెట్టె తెరిచినప్పుడు సెలెక్టర్ మీట ప్రతి స్థానంలో స్పష్టంగా ఆగుతోందా, సేఫ్టీ పెట్టినప్పుడు ట్రిగ్గర్ కదలకుండా ఉందా, గొట్టం ఊగుతోందా, మ్యాగజైన్ గట్టిగా పట్టుకుంటోందా అన్నవి చూడాలి. విడిభాగాలు అదే ఊళ్లో దొరుకుతాయా అన్న ప్రశ్న ధర కంటే ముఖ్యమైనది.

శక్తి పరిమితులు

ఎయిర్‌సాఫ్ట్ చట్టాలు చాలావరకు జౌల్ అనే కొలమానం చుట్టూ తిరుగుతాయి. గుండు ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేస్తే వచ్చేదే దాని శక్తి. జపాన్‌లో 2006 సవరణ ప్రకారం చదరపు సెంటీమీటరుకు 3.5 జౌళ్ల శక్తికి చేరితే ఆ వస్తువు ‘ఉప గాలి తుపాకీ’ అవుతుంది. దానిని దగ్గర ఉంచుకోవడమే నేరం. 6 మిల్లీమీటర్ల గుండుకు ఈ హద్దు సుమారు 0.98 జౌల్. అంటే 0.2 గ్రాముల గుండు సెకనుకు సుమారు 99 మీటర్ల వేగం దాటకూడదు.

బ్రిటన్‌లో 2017 నాటి చట్టం ఒక్కసారి నొక్కితే వరుసగా కాల్చే నకళ్లకు 1.3 జౌళ్లు, ఒక్కొక్క గుండు వదిలేవాటికి 2.5 జౌళ్లు గరిష్ఠంగా నిర్ణయించింది. వరుస కాల్పుల ఎంపీ5కు వర్తించేది మొదటి పరిమితే. అది దాటితే ఎయిర్‌సాఫ్ట్‌కు ఇచ్చిన మినహాయింపు పోయి తుపాకీ చట్టాలు వర్తిస్తాయి. స్ప్రింగ్ మార్చి శక్తి పెంచుకోవాలనుకునేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఇది. నిజమైన తుపాకీలా కనిపించే నకలు కొనాలంటే అక్కడ క్రీడాకారుడినని రుజువు చూపాలి. విక్రేతలు సాధారణంగా అంగీకరించే నమోదు విధానంలో కనీసం 56 రోజుల వ్యవధిలో మూడుసార్లు ఆడి ఉండాలి. 18 ఏళ్ల లోపువారికి నకళ్లు అమ్మడం నిషిద్ధం.

అమెరికాలో దిగుమతి, విక్రయ సమయంలో గొట్టం మూతి వద్ద నారింజ రంగు గుర్తు ఉండాలని సమాఖ్య చట్టం చెబుతుంది. రాష్ట్రాలు, నగరాల నిబంధనలు దానికి అదనం.

మైదాన పరీక్ష

కొత్త నకలును నేరుగా ఆటకు తీసుకువెళ్లడం సరికాదు. ముందుగా క్రోనోగ్రాఫ్ అనే వేగమాపకంపై పరీక్షించాలి. హాప్-అప్‌ను పూర్తిగా తగ్గించి, 0.2 గ్రాముల గుండ్లతో పదిసార్లు వరుసగా కాల్చి వేగాలు రాసుకోవాలి. చూడవలసింది సగటు ఒక్కటే కాదు, గరిష్ఠ, కనిష్ఠాల మధ్య తేడా కూడా. ఆ తేడా ఎక్కువగా ఉంటే గాలి ఎక్కడో లీకవుతోందని, లేదా రబ్బరు భాగం సరిగా కూర్చోలేదని అనుమానించాలి.

తరువాత ఆటలో వాడబోయే బరువైన గుండ్లతో మళ్లీ కొలవాలి. 0.98 జౌల్ శక్తితో 0.25 గ్రాముల గుండు సెకనుకు 88.5 మీటర్ల వేగంతోనే వెళ్తుంది. వేగం తగ్గింది కదా అని శక్తి తగ్గిందనుకోవడం పొరపాటు. గ్యాస్ రకంలో మరో చిక్కు ఉంది. బరువైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉండటంతో దాని వెనుక వాయువు ఇంకా వ్యాకోచిస్తుంది. ఫలితంగా తేలిక గుండుతో పరిమితిలోపు ఉన్న నకలు బరువైన గుండుతో దానిని దాటవచ్చు.

మూడో దశ హాప్-అప్ సర్దుబాటు. ఎంపీ5 విద్యుత్ నకలులో పక్కనున్న పిడిని వెనక్కి లాగితే కిటికీ తెరుచుకుని సర్దుబాటు మీట కనిపిస్తుంది. 30 మీటర్ల దూరాన లక్ష్యం పెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ కాల్చాలి. గుండు ముందే నేలకు దిగితే భ్రమణం చాలలేదు, చివర్లో పైకి ఎగిరితే మితిమీరింది. రెండింటి మధ్య గుండు చదునుగా సాగే స్థానమే సరైనది. కొత్త రబ్బరు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి మొదటి రోజు స్థానమే శాశ్వతమనుకోకూడదు. దుమ్ము పట్టిన గుండ్లు, కిందపడినవి ఏరుకున్నవి వాడితే గొట్టం లోపలి తలం గీసుకుపోతుంది. ఆరుబయట మైదానాలు చాలావరకు నేలలో కలిసిపోయే గుండ్లనే అనుమతిస్తాయి.

చివరి దశ ఖాళీ చేయడం. మ్యాగజైన్ తీసినంత మాత్రాన నకలు ఖాళీ అయినట్లు కాదు. లోపల ఒక గుండు మిగిలి ఉండవచ్చు. ముందు మ్యాగజైన్ తీసి, తరువాత సురక్షితమైన దిశలో రెండు మూడుసార్లు ఒక్కొక్కటిగా కాల్చి, సేఫ్టీ పెట్టాలి. ఈ క్రమం తారుమారైతే విశ్రాంతి స్థలంలో ప్రమాదాలు జరుగుతాయి.

కంటి రక్షణలో దాగిన లెక్క

ఒక జౌల్ లోపు శక్తి గల గుండు దుస్తుల మీద తగిలితే చురుక్కుమంటుంది, చర్మంపై ఎర్రని మచ్చ వేస్తుంది. అదే గుండు కంటికి తగిలితే చూపు పోవచ్చు. అందువల్ల నకలు కంటే ముందు కొనవలసింది కళ్లజోడు.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 166లో కళ్లద్దాలపై ఉండే అక్షరం వాటి దృఢత్వాన్ని చెబుతుంది. 6 మిల్లీమీటర్ల, 0.86 గ్రాముల ఉక్కు గుండును ‘ఎఫ్’ స్థాయి సెకనుకు 45 మీటర్ల వేగం వద్ద, ‘బి’ స్థాయి 120 మీటర్ల వేగం వద్ద తట్టుకోవాలి. శక్తిలోకి మార్చి చూస్తే ‘ఎఫ్’ పరీక్ష 0.87 జౌల్, ‘బి’ పరీక్ష 6.19 జౌళ్లు. అంటే జపాన్ పరిమితిలో ఉన్న నకలు శక్తి సైతం ‘ఎఫ్’ పరీక్ష శక్తి కంటే కాస్త ఎక్కువే. చుట్టూ ఖాళీ లేకుండా ముఖానికి అంటుకునే ‘బి’ స్థాయి గాగుల్స్ ఎంచుకోవడం అందుకే వివేకం. అక్షరం అద్దంపైనే కాక ఫ్రేమ్‌పైనా ఉందో లేదో చూడాలి. రెండింటిలో తక్కువదే అసలు స్థాయి. పళ్ల రక్షణకు ముఖం కింది భాగాన్ని కప్పే ముసుగు అవసరం.

నకలు నిజమనిపించినప్పుడు

2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కు వద్ద 12 ఏళ్ల తమీర్ రైస్‌ను పోలీసు అధికారి కాల్చారు. బాలుడు మరుసటి రోజు మరణించాడు. అతని వద్ద ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు. దానికి నారింజ రంగు గుర్తు లేదు. అది బహుశా నకిలీదేనని అత్యవసర సేవకు ఫోన్ చేసిన వ్యక్తి చెప్పినా ఆ మాట అక్కడికి వెళ్లిన పోలీసులకు చేరలేదు.

నకలును బహిరంగ ప్రదేశంలో బయటకు తీయకూడదన్న నియమం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి. ఇంటి నుంచి మైదానం వరకు బ్యాటరీ, మ్యాగజైన్ విడదీసి, మూసిన సంచిలోనే తీసుకువెళ్లాలి. మేడపైనో, కారులోనో ఫొటోలు దిగడం కూడా పొరుగువారిలో భయం పుట్టించవచ్చు.

భారత్‌కు తీసుకురావాలనుకుంటే

విదేశాల్లో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువారికి అక్కడి దుకాణంలో సులువుగా దొరికిన వస్తువు స్వదేశంలోనూ ఆటవస్తువేనన్న భావన కలగవచ్చు. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి అమల్లో ఉన్నాయి. గాలి తుపాకులు, తుపాకీ నకళ్లు కూడా ఈ నియమావళి దృష్టిలో ఉన్నాయి. కాబట్టి ఆర్డరు పెట్టేముందే కస్టమ్స్ శాఖ నుంచి, తమ జిల్లా లేదా కమిషనరేట్ లైసెన్సింగ్ అధికారి నుంచి లిఖితపూర్వకంగా స్పష్టత తీసుకోవాలి. విక్రేత ఇచ్చే హామీ అందుకు ప్రత్యామ్నాయం కాదు. విమానంలో చేతిసంచిలో నకళ్లను అనుమతించరు. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.

ఎయిర్‌సాఫ్ట్‌లో గుండు తగిలిందో లేదో తేల్చే న్యాయనిర్ణేత ఉండడు. తగిలినవారే చేయెత్తి ‘హిట్’ అని చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీపైనే నిలబడింది. నకలును కొనడంలో, కొలవడంలో, సంచిలో పెట్టి ఇంటికి తీసుకువెళ్లడంలో కూడా అదే నిజాయితీ ఉన్నప్పుడే అది క్రీడగా మిగులుతుంది.