ఫోర్ట్రాన్: పాత భాషకు నేటి విజ్ఞానంలో చోటు

మీలో ఖానాపూర్, కడెం ప్రాంతాల వారికి 2022 జూలై వరద గుర్తుండే ఉంటుంది. గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ నీరు జలాశయంలోకి వచ్చింది, దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అటువంటి వానను ముందుగా అంచనా వేయడానికి అప్పట్లో వాతావరణ శాఖ వాడిన జీఎఫ్ఎస్, డబ్ల్యూఆర్ఎఫ్ నమూనాలలో అధిక భాగం ఫోర్ట్రాన్‌లో రాసినదే. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం రూపొందించిన భాష అది. కడెం ఆనకట్టను వరద దెబ్బతీసిన 1958 కంటే ఒక ఏడాది ముందుది. ఇంత పాత భాషకు శాస్త్ర పరిశోధనలో ఇంకా చోటుండాలా?

నేను 1980ల తొలినాళ్లలో పంచ్ కార్డుల మీద దీన్ని నేర్చుకున్నాను. కార్డుకు 80 గళ్లు. వాక్యం 7 నుంచి 72వ గడి లోపల పట్టాలి. చివరి ఎనిమిది గళ్లలో వరుస సంఖ్య వేసుకోవచ్చు. నేను వేయలేదు. ఒకరోజు కార్డుల కట్ట మెట్ల మీద జారిపడింది. వాటిని తిరిగి పేర్చేసరికి చీకటి పడింది.

కాబట్టి దీనిపై నాకు గుడ్డి అభిమానమేమీ లేదు. దీని లోపాలూ తక్కువవి కావు. ప్రకటించని పేరు ఐ నుంచి ఎన్ వరకు ఏ ఆంగ్ల అక్షరంతో మొదలైనా దాన్ని పూర్ణాంకంగా తీసుకుంటుంది. సగటు వర్షపాతానికి 'మీన్' అని పేరు పెడితే 12.8 మిల్లీమీటర్లు చడీచప్పుడు లేకుండా 12 అవుతుంది. ఈ అలవాటును మాన్పించే ఆదేశం ఫోర్ట్రాన్ 90తో గాని ప్రమాణంలోకి రాలేదు.

అయినా ఇది నిలవడానికి మొదటి కారణం వేగం. ఉపప్రోగ్రాముకు పంపి, అందులో విలువలు మార్చే శ్రేణులు జ్ఞాపకంలో ఒకదానిపై ఒకటి పడవని ఈ భాష నియమం. అందుచేత కంపైలర్ లెక్కల క్రమాన్ని ధైర్యంగా మార్చుకోగలదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది: ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచిన ప్రోగ్రాములు. మీరు పైథాన్‌లో సమీకరణాల సమితిని సాధించమంటే, నమ్‌పై పిలిచేది 1992లో ఫోర్ట్రాన్‌లో వెలువడిన లాపాక్ రొటీన్లనే.

తిరగరాస్తే సరిపోదా అంటారు. కూడికల క్రమం మారితే చివరి దశాంశ స్థానాలు మారతాయి. వాతావరణంలో అంత చిన్న తేడా ఎంతగా పెరుగుతుందో 1963లోనే లోరెంజ్ చూపాడు. కొత్త ప్రోగ్రామును నమ్మాలంటే గడచిన ఎన్నో వర్షాకాలాలతో సరిచూడాలి. మన నోయిడా కేంద్రం వాడే నమూనా బ్రిటన్ వాతావరణ సంస్థది. దాని స్థానంలో ఎల్ఎఫ్‌రిక్ అనే కొత్తదాన్ని తయారుచేస్తూ వారు ఎంచుకున్నది ఫోర్ట్రాన్ 2003నే. అలాగని అందరూ అదే దారి పట్టలేదు. స్విట్జర్లాండ్ వారు గ్రాఫిక్స్ ప్రాసెసర్ల కోసం తమ నమూనాలోని కీలక భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లో తిరగరాసి వాడుకలోకి తెచ్చారు.

మీరు కొత్త పనిని పైథాన్‌లో మొదలుపెట్టండి, నాకు అభ్యంతరం లేదు. వాతావరణం, జలవనరుల వైపు వెళ్లదలచినవారు మాత్రం ఫోర్ట్రాన్‌ను కనీసం చదవగలగాలి. పాత ప్రమాణంలో పేరుకు ఆరక్షరాలే హద్దు. పొట్టి చేసిన ఆ పేర్లు పెట్టిన నా వయసువారు చాలామంది ఉద్యోగ విరమణ చేశారు. వాటి అర్థం అడిగితే చెప్పగలవారు ఇంకా కొందరున్నారు.