చాయ్ బిస్కెట్

చాయ్ బిస్కెట్ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే తెలుగు డిజిటల్ వినోద సంస్థ. అనురాగ్ రెడ్డి, శరత్ చంద్ర దీని వ్యవస్థాపకులు. 2010ల మధ్యకాలంలో వెబ్‌సైట్‌గా యువతకు చేరువైంది. సినిమా ముచ్చట్లు, మధ్యతరగతి జీవితం, కాలేజీ స్నేహాలను ముడిసరుకుగా తీసుకుంది.

వ్యాసాల తర్వాత యూట్యూబ్ హాస్య వీడియోలు, లఘుచిత్రాలు సంస్థకు ఆదరణ తెచ్చాయి. స్త్రీల అనుభవాలపై ‘గర్ల్ ఫార్ములా’ అనే ప్రత్యేక చానల్ నడిపింది. సంస్థ లఘుచిత్రాల ద్వారా గుర్తింపు పొందిన నటుడు సుహాస్, 2020లో ‘కలర్ ఫోటో’తో కథానాయకుడయ్యాడు. సందీప్ రాజ్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.

వ్యవస్థాపకులు ఎ ప్లస్ ఎస్ మూవీస్ పేరుతో ‘మేజర్’ (2022) నిర్మాణంలో భాగస్వాములయ్యారు. 2023లో చాయ్ బిస్కెట్ ఫిలింస్, లహరి ఫిలింస్ కలిసి ‘రైటర్ పద్మభూషణ్’, ‘మేమ్ ఫేమస్’ చిత్రాలను విడుదల చేశాయి. మొదటి చిత్రానికి షణ్ముఖ ప్రశాంత్, రెండో దానికి సుమంత్ ప్రభాస్ దర్శకులు.